శుక్లం తొలగిన తరువాత: పసికళ్ల చూపుపై హామిల్టన్ పరిశోధనలు

పెద్ద వయసులో వచ్చే శుక్లానికీ, బిడ్డ పుట్టుకతోనే తెచ్చుకునే శుక్లానికీ పేరు ఒకటే అయినా, శస్త్రచికిత్స తరువాత ఆ రెండింటి ఫలితాలు ఒకే తీరుగా ఉండవు. కంటిపాప వెనుక ఉండి, వెలుతురును కేంద్రీకరించి కంటి లోపలి పొర అయిన రెటీనా మీద పడవేసే పారదర్శకమైన కటకం మసకబారడాన్ని శుక్లం అంటారు. అరవై ఏళ్లు దాటిన మనిషికి ఆ మసక కటకాన్ని తీసి, దాని స్థానంలో కృత్రిమ కటకాన్ని అమర్చితే కొద్ది రోజులలోనే చూపు కుదుటపడుతుంది. ఎందుకంటే ఆ మనిషి మెదడు చూడడం నేర్చుకొని దశాబ్దాలు గడిచాయి. పసిబిడ్డ మెదడుకు ఆ నేర్పు ఇంకా అలవడలేదు. కంటి నుంచి స్పష్టమైన బొమ్మ అందుతూ ఉంటేనే, ఆ బొమ్మను గ్రహించే నాడీ సంబంధాలు మెదడులో కుదురుకుంటాయి గనుక, దట్టమైన శుక్లంతో పుట్టిన బిడ్డకు శస్త్రచికిత్స ఎంత నేర్పుగా జరిగినా, అంతకుముందు చీకటిలోనో, ఆకారం లేని వెలుతురులోనో గడచిన వారాలు ఆ బిడ్డ చూపు మీద ఏదో ఒక ముద్ర వేసే పోతాయి. ఆ ముద్ర ఎంత లోతైనది, ఎన్నేళ్లు నిలుస్తుంది, ఏ వయసులో బయటపడుతుంది అన్న ప్రశ్నలకు ప్రపంచంలో అత్యంత ఓపికగా సమాధానం వెతికిన చోట్లలో ఒకటి కెనడాలోని ఒంటారియో రాష్ట్రం.

ఒంటారియో సరస్సు పశ్చిమపు కొసన ఉన్న హామిల్టన్ నగరంలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో డాఫ్నీ మారర్, టెర్రీ లూయిస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, టొరంటోలో సిక్‌కిడ్స్ అని అందరూ పిలుచుకునే పిల్లల ఆసుపత్రికి చెందిన నేత్రవైద్యుడు హెన్రీ బ్రెంట్‌తో కలిసి, 1980ల తొలినాళ్ల నుంచి పుట్టుశుక్లం ఉన్న పిల్లల చూపును పరీక్షిస్తూ వచ్చారు. ఈ పనికున్న విలువ దాని నిడివిలో ఉంది. సాధారణంగా శస్త్రచికిత్స ఫలితాన్ని ఒకటి రెండేళ్లలో కొలిచి ఫైలు మూసివేయడం ఆసుపత్రుల ఆనవాయితీ కాగా, ఈ బృందం నెలల వయసులో కటకం తీయించుకున్న బిడ్డలను బడి ఈడులోనూ, యౌవనంలోనూ తిరిగి తిరిగి పరీక్షించింది. అలా చేయకపోతే ఎప్పటికీ తెలియకపోయేవి కొన్ని ఉన్నాయి; ఈ ప్రసంగంలో వాటికే ఎక్కువ చోటు దక్కుతుంది.

ఈ ఆలోచనకు కెనడాలో అంతకంటే పాత వేర్లు కూడా ఉన్నాయి. నోవా స్కోషియాలో పుట్టి, మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డొనాల్డ్ హెబ్ 1949లో వెలువరించిన తన గ్రంథంలో, పుట్టుగుడ్డితనం తరువాత శుక్లం తీయించుకొని చూపు పొందిన పెద్దల గురించి జర్మన్ పండితుడు ఫాన్ జెండెన్ 1932లో సేకరించిన వృత్తాంతాలను ఆధారం చేసుకొని, చూడడం కూడా నేర్చుకోవలసిన విద్యే అని వాదించాడు. ఒంటారియోలోని విండ్సర్‌లో పుట్టి, అదే మెక్‌గిల్‌లో వైద్యం చదివిన డేవిడ్ హ్యూబెల్, స్వీడన్‌కు చెందిన టోర్స్టెన్ వీసెల్‌తో కలిసి 1960లలో అమెరికాలో పిల్లికూనల మీద చేసిన ప్రయోగాలు ఆ వాదానికి నాడీకణాల స్థాయిలో రుజువు చూపాయి. పిల్లికూనకు ఒక కంటి రెప్పను పుట్టిన తొలి వారాలలో మూసి ఉంచి, ఆ తరువాత తెరిస్తే, కన్ను ఆరోగ్యంగానే ఉన్నా మెదడులోని దృష్టి కణాలు దాని మాట వినడం దాదాపు మానివేస్తాయనీ, పెద్ద పిల్లికి అంతకంటే ఎక్కువ కాలం కన్ను మూసినా అటువంటి నష్టం జరగదనీ వారు చూపారు. 1981లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. పుట్టుశుక్లం ఉన్న పిల్లలకు ఆలస్యంగా చికిత్స చేస్తే చూపు సరిగా రాదన్న వైద్యుల అనుభవమే ఆ ప్రయోగాలకు ఒక ప్రేరణ అన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం.

అయితే మాట రాని పసిబిడ్డ చూపును కొలిచేది ఎలా? దానికి పరిశోధకులు వాడే పద్ధతి సులభమైనది. చారలున్న బొమ్మనూ, చారలు లేని బూడిదరంగు బొమ్మనూ పక్కపక్కన చూపితే, చారలు కనిపించినంత వరకు బిడ్డ వాటివైపే చూస్తాడు. చారలను క్రమంగా సన్నబరుస్తూ పోతే, ఏదో ఒక దశలో ఆ మొగ్గు పోతుంది. అక్కడితో ఆ బిడ్డ చూపు పదును ఎంతో తెలుస్తుంది. ఆరోగ్యంగా పుట్టిన శిశువు చూపు సైతం పెద్దవారి చూపులో దాదాపు 40వ వంతు మాత్రమే ఉండి, మొదటి ఆరు నెలలలో వేగంగా మెరుగుపడుతుంది. 1999లో సైన్స్ పత్రికలో ప్రచురితమైన అధ్యయనంలో హామిల్టన్, టొరంటో బృందం, పుట్టిన వారానికీ తొమ్మిది నెలలకూ నడుమ చికిత్స పొందిన 28 మంది శిశువులను, శుక్లం తీసిన తరువాత కాంటాక్టు లెన్సు పెట్టి లోకం తొలిసారి స్పష్టంగా కనిపించిన నిమిషాలలోనే పరీక్షించింది. వయసు ఎంతైనా వారి చూపు అప్పుడే పుట్టిన బిడ్డ చూపును మించలేదు. అంటే, చూపు పదును తనంతట తాను పెరగదనీ, బొమ్మ అందితేనే పెరుగుతుందనీ తేలింది. ఒక్క గంటసేపు చూసిన తరువాత తిరిగి పరీక్షిస్తే, ఆ కొద్ది వ్యవధిలోనే మెరుగుదల కనిపించింది. నెల తిరిగేసరికి అది మరింత స్పష్టమైంది. మెదడు ఎంత ఆత్రంగా ఎదురుచూస్తుందో చెప్పడానికి ఈ ఒక్క గంట చాలు.

ఇంత వేగంగా మొదలైన మెరుగుదల చివరి వరకు సాగదు. చికిత్స పొందిన పిల్లల చూపు తొలి నెలలలో తోటివారిని అందుకునేలా కనిపించినా, బడి వయసు వచ్చేసరికి సన్నని చారలు, చిన్న అక్షరాల విషయంలో చాలామంది వెనుకబడతారు. ఒకే కంటికి శుక్లం ఉన్న బిడ్డ పరిస్థితి మరింత కష్టం. ఎందుకంటే, ఆరోగ్యంగా ఉన్న కన్ను మెదడులో చోటంతా ఆక్రమించి, ఆలస్యంగా తెరుచుకున్న కంటికి అవకాశం లేకుండా చేస్తుంది. కంటిలో లోపం సరిచేసిన తరువాత కూడా మెదడు ఆ కంటిని పట్టించుకోకపోవడం వల్ల మిగిలే మందదృష్టిని వైద్యులు అంబ్లయోపియా అంటారు. దీనిని ఎదుర్కోవడానికి మంచి కంటికి రోజూ పట్టీ కట్టి, బలహీనమైన కంటితోనే లోకాన్ని చూసేలా చేస్తారు. చూపు బాగా ఉన్న కంటిని రోజులో మేలుకొని ఉన్న సమయంలో సగం దాకా, అదీ ఏళ్ల తరబడి, మూసి ఉంచడానికి పసివాడు ఒప్పుకోడు. పట్టీని పీకివేస్తాడు, ఏడుస్తాడు. దానికి తోడు, కటకం లేని కంటికి మిల్లీమీటర్ల లెక్కన కొలిచి చేసిన కాంటాక్టు లెన్సును పెట్టడం, తీయడం, శుభ్రం చేయడం తల్లిదండ్రుల పనే. సర్జను చేతి నైపుణ్యం గురించి చెప్పినంతగా ఈ ఇంటి శ్రమ గురించి వైద్య నివేదికలు చెప్పవు గాని, హామిల్టన్‌లో మంచి చూపు సాధించిన ఒంటికంటి శుక్లం పిల్లల వెనుక ఉన్నది తొందరగా జరిగిన చికిత్సా, విడవకుండా కట్టిన పట్టీయే.

శస్త్రచికిత్స ఏ వయసులో జరగాలన్న విషయంలో ఇతర చోట్ల జరిగిన పనులు కూడా ఈ చిత్రాన్ని పూర్తి చేస్తాయి. అమెరికాలో డాలస్ నగరానికి చెందిన ఐలీన్ బిర్చ్ బృందం, ఒంటికంటి శుక్లానికి ఆరు వారాలలోపు చికిత్స జరిగితే ఫలితం గణనీయంగా మెరుగ్గా ఉంటుందనీ, రెండు కళ్లకూ శుక్లం ఉన్నప్పుడు మొదటి 14 వారాలలో ప్రతి మూడు వారాల ఆలస్యానికి కంటి పరీక్ష పటంలో సుమారు ఒక వరుస చొప్పున చూపు తగ్గుతుందనీ తేల్చింది. మరీ తొందరపడినా ముప్పే. తొలి నాలుగు వారాలలోపే కటకం తీసిన పిల్లలలో, కంటి లోపలి ఒత్తిడి పెరిగి దృష్టి నాడిని దెబ్బతీసే నీటికాసుల వ్యాధి, అంటే గ్లాకోమా, ఎక్కువగా కనిపించింది. అందుకే చాలామంది వైద్యులు నాలుగు వారాలు దాటాక, ఆరు నుంచి ఎనిమిది వారాల లోపల ముహూర్తం చూసుకుంటారు.

కృత్రిమ కటకాన్ని అప్పుడే కంటిలో అమర్చాలా, లేక పెరిగే వరకు కాంటాక్టు లెన్సుతో నెట్టుకురావాలా అన్న వివాదానికి అమెరికాలో 114 మంది శిశువుల మీద జరిగిన పెద్ద పరీక్ష సమాధానం చెప్పింది. ఒక కంటికి మాత్రమే శుక్లం ఉండి, నెల నుంచి ఏడు నెలల లోపు వయసున్న ఆ శిశువులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి కటకం అమర్చి, రెండో వర్గానికి కాంటాక్టు లెన్సు ఇచ్చి, పదిన్నరేళ్ల వయసు వరకు గమనించారు. చూపులో రెండు వర్గాలకూ తేడా లేదు. కటకం అమర్చినవారికి తొలి ఏళ్లలో మళ్లీ మళ్లీ శస్త్రచికిత్సలు అవసరమయ్యాయి. పదిన్నరేళ్లకు రెండు వర్గాలనూ కలిపి చూస్తే నాలుగోవంతు మంది చికిత్స పొందిన కంటితో 20/40 లేదా అంతకంటే మంచి చూపు సాధించగా, 44 శాతం మంది చూపు 20/200 దగ్గరో, అంతకంటే దిగువనో ఆగిపోయింది. మామూలు చూపు ఉన్నవారు 200 అడుగుల దూరం నుంచి చదివే అక్షరాన్ని 20 అడుగుల నుంచి గాని చదవలేకపోతే ఆ చూపును 20/200 అంటారు. ఇది రెండు కళ్లకూ ఉంటే కెనడాలో చట్టరీత్యా అంధత్వంగా లెక్క. నీటికాసుల ముప్పు ఏటికేడు పెరుగుతూ, పదేళ్లకు 22 శాతానికి చేరింది. ఈ ఒక్క అంకె చాలు, శుక్లం తీయించుకున్న బిడ్డకు కంటి ఒత్తిడి పరీక్షలు బాల్యంతో ముగియవని చెప్పడానికి. పైకి నొప్పి లేకుండానే చూపును హరించే ఈ జబ్బు, పరీక్షకు వెళ్లని యువకుడిని సైతం పట్టుకోగలదు.

ఇక హామిల్టన్ బృందం చేసిన అసలైన ఆవిష్కరణ పటం మీది అక్షరాలకు సంబంధించినది కాదు. 2001లో నేచర్ పత్రికలో రిచర్డ్ ల గ్రాండ్, కాథరిన్ మోండ్లోక్, మారర్, బ్రెంట్ ప్రచురించిన అధ్యయనంలో, రెండు కళ్లకూ శుక్లంతో పుట్టి, రెండు నుంచి ఆరు నెలల వయసులో చూపు పొంది, ఆ తరువాత తొమ్మిదేళ్లకు పైగా చూస్తూ పెరిగిన 14 మందికి ముఖాల జంటలను చూపి, ఆ రెండూ ఒకటేనా వేర్వేరా అని అడిగారు. కళ్లో, నోరో మార్చిన ముఖాలను వారు అందరిలాగే గుర్తించారు. కళ్లు, ముక్కు, నోరు అవే ఉంచి, వాటి నడుమ ఎడాన్ని మాత్రం కొద్దిగా మార్చిన ముఖాలను మాత్రం ఇతరుల కంటే తక్కువగా పట్టుకోగలిగారు. మనుషులను మనుషులు వేరుచేసి గుర్తించడంలో ఈ ఎడాలను పసిగట్టగల నేర్పుకు పెద్ద పాత్ర ఉంది. ఇందులోని వింత ఏమిటంటే, మామూలు పిల్లలకు సైతం ఈ నేర్పు పసితనంలో ఉండదు. పదేళ్లు దాటాక గాని అది పూర్తిగా పరిపక్వం కాదు. అంటే, ఎన్నో ఏళ్ల తరువాత బయటపడవలసిన నేర్పుకు పునాది తొలి నెలలలోనే పడుతుందన్న మాట. ఆ నెలలలో బొమ్మ అందకపోతే లోటు అప్పుడు కనిపించదు, పదేళ్ల తరువాత కనిపిస్తుంది. మారర్ బృందం 2007లో ఈ తీరుకు నిద్రాణ ప్రభావం అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. ఐదేళ్లకు పరీక్షించి అంతా బాగుందని చెప్పే వైద్యుడి మాట తప్పు కాకపోయినా అసంపూర్ణమే అని ఈ ఫలితం తేల్చిచెప్పింది.

2003లో అదే బృందం మరొక అడుగు ముందుకు వేసింది. పసికందులు తొలి నెలలలో రెటీనాలో ముక్కువైపు భాగంతోనే ఎక్కువగా చూస్తారు. ఆ భాగం నుంచి బయలుదేరే నాడీతంతువులు మెదడులో అవతలి అర్ధగోళానికి దాటిపోతాయి. రెండు అర్ధగోళాల నడుమ సమాచారం ఇచ్చిపుచ్చుకునే వంతెన అప్పటికి ఇంకా సరిగా పనిచేయదు. అందువల్ల ఎడమ కంటి సమాచారం కుడి అర్ధగోళానికి, కుడి కంటిది ఎడమ అర్ధగోళానికి చేరుతుంది. పెద్దవారిలో ముఖాల గుర్తింపుకు ముఖ్యస్థానం కుడి అర్ధగోళం గనుక, ఎడమ కంటికి శుక్లంతో పుట్టినవారిలోనే ముఖాల విషయంలో లోటు కనిపించాలి. పరీక్షలో సరిగ్గా అదే జరిగింది. కుడి కంటికి శుక్లం ఉండినవారు మామూలుగానే గుర్తించగా, ఎడమ కంటికి ఉండినవారు పొరబడ్డారు. ఏ కన్ను మూసుకుపోయింది అన్న చిన్న తేడా మెదడులో ఏ వైపు భవిష్యత్తును నిర్ణయిస్తుందో ఇంత స్పష్టంగా చూపిన మానవ పరిశోధనలు అరుదు.

కదలిక విషయం ఇంకోలా ఉంది. తెర మీద చెల్లాచెదురుగా కదిలే చుక్కలలో కొన్ని ఒకే దిశగా పోతుంటే ఆ దిశను చెప్పడంలో, రెండు కళ్లకూ పుట్టుశుక్లం ఉండినవారు చాలా వెనుకబడగా, ఒకే కంటికి ఉండినవారు వారికంటే బాగా చేశారని 2002లో డేవ్ ఎలెంబెర్గ్, లూయిస్, మారర్ తదితరులు చూపారు. చూపు పదును విషయంలో ఒంటికంటి శుక్లం ఎక్కువ నష్టం చేస్తే, కదలిక విషయంలో రెండు కళ్ల శుక్లం ఎక్కువ నష్టం చేసింది. ఒకటి రెండేళ్ల వయసులోనో, ఆ తరువాతో శుక్లం వచ్చిన పిల్లలకు అక్షరాల చూపు దెబ్బతిన్నా, కదలికను చూసే శక్తి నిలిచింది. దృష్టికి ఉన్నది ఒకే సున్నిత కాలం కాదనీ, ఒక్కో నేర్పుకు ఒక్కో గడువు ఉంటుందనీ, కదలికకు అది పుట్టిన తొలి నెలలకే పరిమితమైతే, అక్షరాల చూపును దెబ్బతీయగల కాలం సుమారు పదేళ్ల వరకు సాగుతుందనీ 2005 నాటికి వారు నిర్ధారించారు. తల్లిదండ్రులకు దీని అర్థం స్పష్టమే: తొలి వారాలు ఎంత విలువైనవో, పట్టీ కట్టే తరువాతి ఏళ్లు కూడా అంతే విలువైనవి.

ఒంటారియోలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కొన్ని వివరాలు ఉపయోగపడతాయి. ప్రసవం జరిగిన ఆసుపత్రిలోనే బిడ్డ కంటిపాపలోకి దీపం వేసి ఎర్రని మెరుపు కనిపిస్తున్నదో లేదో చూసే పరీక్ష ఉంటుంది. ఆ మెరుపు లేకున్నా, కంటిపాప తెల్లగా కనిపించినా, కనుగుడ్లు నిలకడ లేకుండా ఊగుతున్నా, వారం కూడా ఆగకుండా పిల్లల నేత్రవైద్యుడికి చూపాలి. 19 ఏళ్లు, ఆలోపు వారికి ఏడాదికొక కంటి పరీక్ష ఖర్చును రాష్ట్ర ఆరోగ్య బీమా భరిస్తుంది. చూపు తక్కువగా మిగిలిన పసివారికి ఇంటివద్దే తోడ్పాటు అందించే ప్రభుత్వ కార్యక్రమం కూడా అక్కడ ఉంది. పెరిగిన తరువాత ఎదురయ్యే గీత కూడా ఒకటి చెప్పుకోవాలి: ఒంటారియోలో మామూలు కారు నడిపే లైసెన్సుకు రెండు కళ్లతో కలిపి కనీసం 20/50 చూపు కావాలి. ఒక కన్ను పూర్తిగా బాగున్నవారికి ఇది అడ్డు కాకపోయినా, రెండు కళ్లకూ శుక్లంతో పుట్టినవారికి పటంలో ఒకటి రెండు వరుసల తేడాయే చేతిలో లైసెన్సు ఉండడం, లేకపోవడం అవుతుంది. డాలస్ బృందం చెప్పిన మూడు వారాల ఆలస్యం అసలు విలువ అక్కడ తెలుస్తుంది.

పుట్టుశుక్లానికి కారణాలలో వంశపారంపర్యం ఒకటి. చాలా కేసులలో కారణం తెలియదు. తెలిసిన కారణాలలో గర్భిణికి తొలి నెలలలో సోకే రుబెల్లా మరొకటి. రుబెల్లాకూ పసివారి శుక్లానికీ సంబంధాన్ని సిడ్నీ నగరపు వైద్యుడు నార్మన్ గ్రెగ్ 1941లో కనుగొన్నాడు. టీకాల ఫలితంగా అమెరికా ఖండాలు రెండూ స్థానికంగా రుబెల్లా వ్యాప్తి లేనివని 2015లో ప్రకటితమయ్యాయి. భారతదేశంలో తట్టు, రుబెల్లా కలిపిన టీకా ప్రచారం 2017లో మొదలైంది. శుక్లాన్ని తీయడం కంటే రాకుండా ఆపడం మేలైన చోట ఆ పని జరగడానికి ఇంత కాలం పట్టడం బాధాకరం.

తెలుగు నేల మీద చికిత్స ఆలస్యమైతే ఏమవుతుందన్న ప్రశ్న మరొక రూపం తీసుకుంటుంది. టొరంటోలో నెలల వయసులోనే చికిత్స జరుగుతుంటే, మన పల్లెల నుంచి బిడ్డ ఐదేళ్లకో, పదేళ్లకో ఆసుపత్రి చేరే సందర్భాలు ఉన్నాయి. గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో అటువంటివారితో జర్మనీ శాస్త్రవేత్త బ్రిగిట్టె రోడర్ బృందం, అక్కడి వైద్యుడు రమేశ్ కెకున్నాయతో కలిసి చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. మామూలుగా మెదడు ముఖాన్ని చూసినప్పుడు ఇతర వస్తువులను చూసినదానికి భిన్నమైన విద్యుత్ ప్రతిస్పందన ఇస్తుంది. పుట్టుశుక్లం తీయించుకున్నవారిలో ఆ తేడా కనిపించలేదు. బాల్యంలో తరువాత శుక్లం వచ్చినవారిలో అది మామూలుగానే ఉంది. హామిల్టన్‌లో ఎడాల పరీక్ష చెప్పినదానిని హైదరాబాదులో మెదడు తరంగాలు వేరే దారిలో బలపరిచాయి.

చూపు అందని కాలంలో మెదడు ఖాళీగా కూర్చోదన్న సంగతి కూడా కెనడా పరిశోధనే బయటపెట్టింది. శైశవంలో కొద్ది వారాల నుంచి నెలల వరకు మాత్రమే చూపు లేకుండా ఉండి, ఆ తరువాత ఏళ్లకేళ్లు చూస్తూ పెరిగిన పెద్దల మెదడును స్కాన్ చేసిన ఒలివియే కొలిన్యాన్, మారర్ తదితరులు, దృష్టికి కేటాయించిన ప్రాంతం శబ్దాలకు కూడా స్పందించడాన్ని గమనించి 2015లో ప్రకటించారు.

అయినా, గడువు దాటితే అంతా ముగిసినట్టేనన్న పాత నమ్మకం ఈ పరిశోధకుల చేతిలోనే సడలింది. 2012లో మెక్‌మాస్టర్ బృందం, రెండు కళ్లకూ పుట్టుశుక్లం ఉండిన ఏడుగురు యువతీయువకుల చేత నాలుగు వారాలలో 40 గంటలపాటు, వేగంగా గురి చూసి కాల్చవలసిన ఒక యుద్ధపు వీడియో ఆటను ఆడించింది. తెరమీద ఏ మూల నుంచి ఏమి వస్తుందో కనిపెట్టవలసిన ఆ ఆట తరువాత, చిన్న అక్షరాలను చదవడంలోనూ, చుక్కలు కదిలే దిశను చెప్పడంలోనూ, ముఖాలను గుర్తించడంలోనూ వారిలో పలువురు మెరుగయ్యారు. ఇరవై ఏళ్ల వయసులోనూ మెదడు మారగలదన్న మాట. ఢిల్లీలో పవన్ సిన్హా నడిపిన ప్రాజెక్ట్ ప్రకాశ్ నుంచి 2014లో వచ్చిన అధ్యయనం కూడా ఇటువంటిదే చెప్పింది. పుట్టుకతో చూపు లేక, ఎనిమిదేళ్లు దాటిన తరువాత శుక్లం తీయించుకున్న 11 మంది పిల్లలను ఆరు నెలలపాటు గమనిస్తే, లేత, ముదురు ఛాయల తేడాలను పట్టుకునే శక్తి వారిలో 5 మందికి గణనీయంగా పెరిగింది. మిగిలినవారికి ఎందుకు పెరగలేదో ఆ పరీక్ష చెప్పలేదు గాని, వయసు మించిందన్న ఒకే కారణంతో పుట్టుశుక్లం ఉన్న పిల్లవాడిని శస్త్రచికిత్స లేకుండా ఇంటికి పంపడానికి ఆ ఐదుగురి తరువాత వైద్యశాస్త్రంలో ఆధారం మిగలలేదు.